మేవిస్ మనసుపడ్డ ఉక్కుబండి

ఆ శనివారం పొద్దున టడెన్‌హమ్ దంపతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే టిఫిను ముగించుకుని, పాత విమానాల మైదానం పక్కన డెస్మండ్ క్రేక్ అమ్మకానికి పెట్టిన బళ్లు చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. అవి మామూలు బళ్లయితే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అవి సైన్యం ఏళ్లపాటు వాడుకుని, ముసలివైపోయాక వదిలించుకున్న ఉక్కుబళ్లు. తూటా తగిలినా చెక్కుచెదరనివి. కొనాలని ముచ్చటపడుతున్నది హంఫ్రీ కాదు, ఆయన భార్య మేవిస్.

నార్ఫోక్ పల్లెల్లో ఈ సరదా ఉన్న మగవాళ్లకు కొదవలేదు. గడ్డివాములో ట్యాంకు దాచుకుని పెళ్లానికి ట్రాక్టరని చెప్పిన రైతులున్నారు. కానీ మేవిస్ పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసి రిటైరైన మనిషి. పెద్ద చప్పుడు చేసే వస్తువేదీ ఆమె ఇంతవరకు కొనలేదు. కిందటి వేసవిలో ఆవిరియంత్రాల తిరునాళ్లకు వెళ్లినప్పుడు ఎవరో ఆమెను ఉక్కుబండి పైన కూర్చోబెట్టి ఊరిచుట్టూ తిప్పారు. దిగేసరికి ఆమె కళ్లు వెలిగిపోతున్నాయి.

"హంఫ్రీ! కంచెల అవతల ఏముందో నీకు తెలుసా?"

"ఏముంది?"

"ఏదో ఉంది! సరిగ్గా చూసేలోపే దింపేశారు. ఇన్నేళ్లూ నీ కారులో నీ పక్కన కూర్చుని నేను చూసిందల్లా ఆకులే."

ఆ మాట అబద్ధం కాదు. అక్కడి దారులు ఇరుకు, రెండు పక్కలా నిలువెత్తు పొదల కంచెలు. హంఫ్రీ కారు చిన్నది, ఆయన వేగం ఇంకా చిన్నది. జీవితమంతా బీమా కంపెనీకి ప్రమాదాల అంచనా వేసిన మనిషి. కుర్చీని చూస్తే దానిమీంచి ఎవరు ఎలా పడతారో ముందు ఆయనకు కనిపించేది. రిటైరయ్యాక ఊరివాళ్లను కొందరిని కూడగట్టి, పచ్చ కోట్లు తొడిగి, ఊరి మొగలో వచ్చేపోయే బళ్ల వేగం కొలిచే దళాన్ని పెట్టాడు. అలాంటివాడి ఇంట్లో ఉక్కుబండి!

వద్దనవచ్చుగా అంటే, అదే ఆయనకు చేతకానిది. పెళ్లయినప్పటినుంచి మేవిస్‌కు ఆయన దేనికీ వద్దని చెప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె చేసిన టర్నిప్ దుంపల సూపు ఆయనకు అస్సలు సయించలేదు. ఇప్పటికీ ప్రతి గురువారం తాగుతూనే ఉన్నాడు. పైగా కొనేది ఆమె డబ్బుతో. మేవిస్ మేనత్త పోతూ పోతూ ఆస్తి ఆమెకు రాసి, "దీంతో పనికొచ్చేదేదీ కొనకు" అని మరీ చెప్పి పోయింది.

అందుకని హంఫ్రీ దొడ్డిదారి పట్టాడు. శుక్రవారం మేవిస్ తోటలో ఉండగా క్రేక్‌కు ఫోన్ చేశాడు.

"రేపు మా ఆవిడ వస్తోందండీ, మీ బళ్లు చూడ్డానికి," అన్నాడు గొంతు తగ్గించి. "మీరావిడతో ఎలా మాట్లాడాలో... విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటా."

"చాల్లెండి సార్, ఎన్నేళ్లనుంచి చేస్తున్నా ఈ యాపారం! మీలాంటి మొగుళ్లు ఎంతమంది ఫోన్ చేశారనుకున్నారు? నాకొదిలెయ్యండి."

హంఫ్రీ గుండె తేలికపడింది. క్రేక్‌కు ఫోన్ చేసిన ఆ మొగుళ్లందరూ అడిగింది ఒకటేనని, అది పెళ్లాన్ని ఎలాగైనా ఒప్పించమనేనని ఆయనకు తట్టలేదు.

క్రేక్ వాళ్లకు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. బొజ్జమీద నూనె మరకలు, చేతిలో టీ కప్పు. మేవిస్‌ను చూసి టోపీ తీశాడు.

"రండమ్మా రండి. అదృష్టవంతులు. ఇవాళ రేపు ఇలాంటి బళ్లు దొరకడమే కష్టం."

మొదటిది గొలుసుచక్రాల మీద నడిచే పెట్టెలాంటి బండి. లోపల పదిమంది సైనికులు పడతారు. హంఫ్రీ క్రేక్ వైపు చూసి కన్ను కొట్టాడు, ఇక మొదలెట్టమన్నట్టు. క్రేక్ మొదలెట్టాడు.

"చూడ్డానికి ఏనుగులా ఉంటుంది గానీ తిండి పిచ్చుక తిండమ్మా. మంచు పడ్డ రోజుల్లో మీ ఊళ్లో అందరూ ఇళ్లల్లో ముడుచుకుని కూర్చుంటే మీరు మాత్రం దర్జాగా వెళ్లి పాలు తెచ్చుకోవచ్చు."

హంఫ్రీ ఉలిక్కిపడి, ఈసారి ఇంకాస్త గట్టిగా కన్ను కొట్టాడు. క్రేక్ అర్థమైందన్నట్టు తలూపాడు.

"మీ ఆయనకి నడుం నొప్పా అమ్మా? దీంట్లో కూర్చుంటే ఆ కుదుపులకి ఎముకలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. మా బావకి అలాగే పోయింది."

"కంట్లో నలుసు పడిందా హంఫ్రీ?" అంది మేవిస్.

హంఫ్రీ ఇక లాభం లేదని తన అస్త్రం తానే తీశాడు. "అంతా బాగానే ఉంది మేవిస్. కానీ పాపం, గొలుసుచక్రాల బండికి వేరే లైసెన్సు ఉండాలట. మనకా, లేదాయె."

మేవిస్ చేతిసంచి తెరిచి లైసెన్సు తీసి చూపించింది. అందులో ఆ ముక్క అచ్చై ఉంది.

"ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"మంగళవారాలు."

"మంగళవారం చర్చిలో పాటల సాధన అన్నావే!"

"ఇన్నాళ్లలో ఒక్కసారైనా నన్ను ఏదీ ఓ పాట పాడు అన్నావా నువ్వు?"

అదృష్టవశాత్తూ ఆ బండి మేవిస్‌కే నచ్చలేదు. లోపల కూర్చుంటే బయట ఏమీ కనబడదంది. రెండోది ఆరుచక్రాల పెద్ద బండి. అందులో డ్రైవరు సీటు మీద ఒక ఎర్రకోడి పొదుగుతూ కూర్చుంది. క్రేక్ తలుపు మెల్లిగా మూసేశాడు.

"ఇది పిల్లలు లేచేదాకా అమ్మను. ఆ కోడి మా ఆవిడది. బండి మాత్రమే నాది."

మూడోది చిన్నది. నాలుగు చక్రాలు, ఎదర డ్రైవరుకు ఒక కంత, నడినెత్తిన గుండ్రంగా తిరిగే బురుజు, దానికి సీసం పోసి మూసేసిన ఒక తుపాకీ గొట్టం. దాని పేరు ఫెరెట్. కుందేళ్లను బొరియల్లోంచి తరిమే ముంగిసలాంటి జంతువు పేరది. మేవిస్ దాన్ని చూసి "అయ్యో బంగారం!" అంది, ఎవరింటికో చంటిపిల్లను చూడ్డానికి వెళ్లినట్టు.

ఆపైన హంఫ్రీకి ఇంకో దెబ్బ తగిలింది. క్రేక్ తాళంచెవి తేవడానికి వెళ్లగానే మేవిస్ భర్త చెయ్యి పట్టుకుంది.

"ఇందాక నువ్వు కోడిని చూస్తుంటే క్రేక్ చెప్పాడు, నువ్వు నిన్న ఫోన్ చేశావట."

"అదీ... నేను..."

"నాకు ఏడుపొచ్చినంత పనైంది హంఫ్రీ. నీకిష్టం లేదేమో, పైకి చెప్పలేక ఊరుకుంటున్నావేమోనని ఎన్ని రాత్రిళ్లు నిద్ర పట్టలేదో తెలుసా? నువ్వేమో నాకు తెలీకుండా నాకోసం..." అంటూ రుమాలు తీసుకుంది.

ఇక నిజం చెప్పడమెలా? కుడితిలో పడ్డ ఎలుక ఎటు ఈదినా కుడితే. హంఫ్రీకి మిగిలింది ఒకటే దారి. బండి తనే నడిపి చూస్తానని చెప్పాలి, రెండుసార్లు ఆపెయ్యాలి, నడుం పట్టుకుని మూలగాలి. తనకు కష్టమంటే మేవిస్ తనంతట తానే మానుకుంటుంది. ఎవరూ ఎవరికీ వద్దని చెప్పినట్టుండదు.

"ముందు నేను నడుపుతా," అన్నాడు.

మేవిస్ మళ్లీ రుమాలు తీసింది.

హంఫ్రీ కంతలోంచి లోపలికి దూరాడు. పొట్ట దగ్గర కాస్త ఆగింది గానీ క్రేక్ భుజాలు పట్టి కిందికి నొక్కాడు. మేవిస్ వెనక బురుజులో నడుందాకా బయటికి నిలబడింది. క్రేక్ పాఠం మొదలుపెట్టాడు.

"ముందు గేరు ఎంచుకోండి. తర్వాత ఈ ఎడమ పెడలు గట్టిగా తొక్కాలి. అరకొరగా తొక్కారో, అది తిరిగి మోకాలి మీద తంతుంది. మధ్యలోది బ్రేకు. ఇక్కడ ఇంకో మీట ఉంది సార్, ఇది చాలా ముఖ్యం, ఇది..."

"డెస్మండ్!" అని ఇంట్లోంచి భార్య కేక. "కోడి గుడ్లొదిలేసి లేచిపోయింది! మళ్లీ ఆ తలుపు తీసింది నువ్వేనా?"

క్రేక్ టీ కప్పు బండిమీదే పెట్టి కోడికోసం పరుగెత్తాడు.

ఆ మీట ఏమిటంటే, బండి ముందుకు పోవాలో వెనక్కి పోవాలో చెప్పేది. ఆ బండికి ముందుకు ఎన్ని గేర్లో వెనక్కీ అన్నే గేర్లు. శత్రువు ఎదురైతే ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా పారిపోవాలని అలా చేశారు. క్రేక్ దాన్ని ముందురోజు షెడ్డులోంచి వెనక్కి తీసి, మీట అలాగే వదిలేశాడు. హంఫ్రీ గేరు ఎంచుకుని, ఇంజను చచ్చిపోవాలన్న మంచి ఉద్దేశంతో ఎడమ పెడలు ఎడాపెడా తొక్కాడు. ఇంజను చచ్చిపోలేదు. బండి గర్జించి వెనక్కి దూకింది. క్రేక్ కప్పు గాల్లోకి లేచింది. ఆవరణ, గేటు, దారి, అన్నీ హంఫ్రీ కళ్లెదుట చిన్నవైపోతూ దూరంగా జరిగిపోయాయి.

"హంఫ్రీ! ఎటు వెళ్తున్నావ్?"

"నాకేం తెలుసు? నాకు కనబడ్డం లేదు!"

ఊళ్లోకి వెళ్లే ఇరుకుదారిలో పడ్డాక ఆయనకు బ్రేకు దొరికింది. బండి ఆగింది. హంఫ్రీ చెమట తుడుచుకుని ఆ మీటను రెండు చేతులా గుంజాడు. అది కదిలితే ఒట్టు. సరే, ఇక్కడే కూర్చుని క్రేక్ కోసం చూద్దామనుకుంటుండగా ఎదర మలుపు తిరిగి గడ్డిమోపుల ట్రాక్టరొచ్చి బండి ముక్కుకు ముక్కు ఆనించి ఆగింది.

"జరుగు పెద్దాయనా!" అని ట్రాక్టరువాడు అరిచాడు. "నేను వెనక్కి పోలేను. నా వెనక పెళ్లికూతురుంది!"

నిజంగానే గడ్డిమోపుల వెనక తెల్లరిబ్బన్లు కట్టిన కారు. అందులో ఊరి రైతు ఎడ్గార్ బ్లై పెద్దకూతురు టామ్‌సిన్, మేలిముసుగు కిటికీలోంచి ఎగురుతూ, హారను మోగిస్తోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, పాపం హంఫ్రీకి వెనక గొయ్యుందో లేదో కూడా కనబడదు.

"వెనక్కే పద," అంది మేవిస్ పైనుంచి. "దారి నేను చెప్తా. క్లాసులో నేర్పారు. ఎడమ భుజం మీద తంతే ఎడమకి, కుడి భుజం మీద తంతే కుడికి."

"నీ ఎడమా, నా ఎడమా?"

జవాబుగా ఎడమ భుజం మీద తన్ను పడింది. బండి కదిలింది.

మొదటి మలుపులో ఒక కంచె సగం ఊడి బండికి చుట్టుకుంది. రెండో మలుపులో ట్రాక్టరు మీంచి మోపు జారి మేవిస్ మీద పడింది. ఆమె తుమ్ముతూనే తన్నింది. మూడో మలుపు ఒక్క ఆకు కూడా రాలకుండా తిరిగారు. హంఫ్రీకి ఏదో వింతగా అనిపించింది. భుజం మీద తన్ను పడగానే చెయ్యి దానంతటదే తిరుగుతోంది. ఎటు పోతున్నామో చూడక్కర్లేదు, ఏం జరుగుతుందోనని లెక్క కట్టక్కర్లేదు. జరగాల్సిందంతా వీపు వెనక జరుగుతోంది. ఎప్పుడూ జరగబోయే ప్రమాదాలనే చూసిన మనిషి మొదటిసారి అయిపోయిన వాటినే చూస్తున్నాడు. అవీ ఒకదాని తర్వాత ఒకటి క్షేమంగా దాటిపోతున్నాయి.

"ఇంకో గేరు వేస్తున్నా!" అని అరిచాడు.

"ఎందుకు?" అని పైనుంచి మేవిస్ అరిచింది.

ఆయన వినిపించుకోలేదు.

ఊరి మొగలో పచ్చకోట్ల దళం కాపలా ఉంది. హంఫ్రీ లేని రోజున నాయకత్వం బెరిల్ స్క్వైర్స్‌ది. వేగం కొలిచే యంత్రం ఎత్తిపట్టుకుని ఉంది. ముందుగా ఉక్కుబండి పిరుదులు, ఆపైన వెంట్రుకల నిండా గడ్డితో మేవిస్, ఆ తర్వాత కంతలోంచి తమ నాయకుడి ఎర్రటి ముఖం ఆమె ముందునుంచి సాగిపోయాయి.

"సిగ్గులేదూ హంఫ్రీ!" అని కేకపెట్టింది బెరిల్. "నువ్వు పెట్టిన హద్దు నువ్వే దాటేశావ్!"

"ఎంతొచ్చింది?" అని హంఫ్రీ ఆశగా అడిగాడు.

చర్చి గుమ్మంలో పెళ్లికొడుకు జార్విస్ నిలబడి ఉన్నాడు. మనిషి మంచివాడే గానీ నిలకడ తక్కువ. ఇప్పటికే రెండుసార్లు పెళ్లి వాయిదా వేయించాడు. ఈసారి తప్పించుకుంటే తన తడాఖా చూపిస్తానని ఎడ్గార్ బ్లై పబ్బులో నలుగురెదుట అని ఉన్నాడు. జార్విస్ ఒక కన్ను చర్చి మీద, ఒక కన్ను ఎదురుగా ఉన్న బస్సు స్టాపు మీద ఉంచి, అవసరమైతే ఏది దగ్గరో బేరీజు వేసుకుంటున్నాడు. బస్సు వస్తూ కనబడింది కూడా. జార్విస్ ఒక మెట్టు దిగాడు.

సరిగ్గా అప్పుడే దారి మలుపులోంచి ఉక్కుబండి గర్జిస్తూ వెనక్కి వచ్చి, చర్చికీ బస్సు స్టాపుకూ నడుమ, దగ్గి దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. క్రేక్ చూసిపోయే బేరాలకు అంతకంటే పోసేవాడు కాదు. ఆ కుదుపుకు మేవిస్ చేతిసంచి పట్టీ బురుజు పిడికి తగులుకుంది. ఆమె సంచిని లాక్కుంటే బురుజు గిర్రున తిరిగింది. తుపాకీ గొట్టం బస్సును దాటి, సమాధులను దాటి, జార్విస్ కోటు మీది పువ్వుకు సూటిగా ఎదురై నిలిచింది. ట్రాక్టరు వెనక పెళ్లికూతురి కారులోంచి ఎడ్గార్ బ్లై దిగాడు.

జార్విస్ రెండు చేతులూ పైకెత్తి, అలాగే వెనక్కి నడుచుకుంటూ చర్చి లోపలికి వెళ్లాడు. పాదిరీ గారు ఇంకా కళ్లజోడు వెతుక్కుంటుండగానే "ఒప్పుకుంటున్నా! ఒప్పుకుంటున్నా!" అన్న కేక బయటిదాకా వినబడింది. టామ్‌సిన్ ముసుగు సర్దుకుని లోపలికి పరుగెత్తింది. మనసు మారకముందే పని కానివ్వాలని ఆమెకూ తెలుసు.

బయట అంతా నిశ్శబ్దమయ్యాక మేవిస్ కిందికి దిగింది. ఒంటినిండా గడ్డి, చెంపమీద దురదగొండి దద్దుర్లు. బండి ముక్కు దగ్గరికొచ్చి, కంతలో ఉన్న భర్త ముఖానికి తన ముఖం ఆనించినంత దగ్గరగా వంగింది.

"నాకొద్దు హంఫ్రీ."

"ఏవిటి?"

"కంచెల అవతలేముందో చూద్దామనుకున్నా. ఇవాళ తీరిగ్గా చూశా. చక్కెరదుంపల పొలం. దాని పక్కన ఇంకో చక్కెరదుంపల పొలం. దానికోసమా నేను మంగళవారాలన్నీ పాడుచేసుకుంది!" ఆమె జుట్టులోంచి గడ్డిపరక తీసి పారేసింది. "ఇంకో మాట. నువ్వు క్రేక్‌కి ఫోన్ చేసింది నన్ను కొననివ్వద్దని చెప్పడానికేగా?"

హంఫ్రీ కళ్లు దించుకున్నాడు. "ఎలా తెలిసింది?"

"దారిలో ఆలోచించుకోడానికి బోలెడు టైముంది. పెళ్లైనప్పట్నుంచీ నాకు ఒక్కసారైనా కన్ను కొట్టలేదు నువ్వు. ఆ క్రేక్‌కి ఎందుకు కొడతావ్?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "వద్దని ఒక్కమాట నాతో అంటే సరిపోయేదిగా?"

"అంటే నువ్వు మానేసేదానివి."

"అవును, మానేసేదాన్ని."

"అదే భయం. నావల్ల మానేశావని నాకు రోజూ గుర్తొచ్చేది. నీ ముఖంలో ఆ వెలుగు పోయిందే, అది నేనేగా ఆర్పింది అనిపించేది."

చర్చిలో వాయిద్యం మొదలైంది. మేవిస్ చెయ్యందించింది. "సరేలే. దిగు, ఇంటికెళ్దాం."

హంఫ్రీ దిగలేదు. స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఇరుక్కుపోయావా?"

"లేదు. మేవిస్, నాకిది కావాలి."

ఆమె విన్నది నమ్మలేక ఇంకోసారి చెప్పమంది. ఆయన ఇంకోసారి చెప్పాడు. నాకిది కావాలని ఆయన నోట ఆమె ఏనాడూ వినలేదు. అది గాక, ఇంకొకటి కూడా మనసులోంచి తన్నుకొచ్చినట్టు, "ఆ టర్నిప్ సూపు మాత్రం వద్దు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

మేవిస్ చర్చి గోడ మీద కూలబడి కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ఆ సూపు నాకూ పడదు హంఫ్రీ! నీకిష్టమని చేస్తున్నా ఇన్నేళ్లూ!"

అంతలో క్రేక్ వ్యాను ట్రాక్టరు వెనక వచ్చి ఆగింది. ఆయన ఒక చేతిలో పెట్రోలు డబ్బా, ఇంకో చంకలో ఎర్రకోడితో పరుగున వచ్చాడు. కోడిని మేవిస్ ఒళ్లో పెట్టి, ఆ మీటను ఒకసారి పైకెత్తి అవతలికి తోశాడు. అది వెన్నలోకి కత్తిలా జారింది.

"పైకెత్తాలి సార్. నేను చెప్దామనుకునేలోపే మీరు వెళ్లిపోయారు," అని, భార్యాభర్తల ముఖాలు మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ అమ్మగారికి నచ్చిందా?"

"నాకు నచ్చలేదు. ఆయనకి నచ్చింది," అంది మేవిస్. "మా మేనత్త డబ్బు మాత్రం ముట్టుకోనివ్వను. ఆయన సరదా, ఆయన తిప్పలు."

హంఫ్రీ అప్పుడు గానీ తన బ్యాంకు పుస్తకం గుర్తొచ్చి దిగులుపడ్డాడు. ఆ దిగులు ఎంతోసేపు ఉండలేదు. చర్చిలోంచి గంటలు మోగాయి, జనం బయటికొచ్చారు. జార్విస్ భార్య చెయ్యి వదలకుండా పట్టుకుని, తుపాకీ గొట్టానికి ఒక నమస్కారం లాంటిది పెట్టి వెళ్లాడు. వెనకే ఎడ్గార్ బ్లై వచ్చి హంఫ్రీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"పెద్దమనిషివయ్యా! పబ్బులో ఏదో కోపంలో అన్నాను గానీ, నువ్వు ఇంత మనసుమీద పెట్టుకుంటావనుకోలేదు. ఏమిచ్చుకోమంటావ్ చెప్పు."

"అబ్బే, అదేం లేదండీ, అసలు జరిగిందేవిటంటే..."

మేవిస్ ఆయన భుజం మీద తట్టింది. ఎడమ భుజం మీద, కాస్త గట్టిగానే. హంఫ్రీ నోరు మూసుకున్నాడు.

"వచ్చే నెల మా చిన్నమ్మాయిది కూడా ఉంది," అన్నాడు ఎడ్గార్ చెవి దగ్గర. "ఆ అల్లుడి మీద నాకు అసలే నమ్మకం లేదు. వస్తారుగా?"

వెళ్లారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లల తండ్రులు వరసగా ఫోన్లు చేశారు. హంఫ్రీ డ్రైవరు, మేవిస్ పైన గొడుగు పట్టుకుని దారి చెప్పే మనిషి. కంచెల అవతల చూడ్డానికేమీ లేకపోయినా పెళ్లివాళ్ల కేకు బాగుంటుందని ఆమె వస్తోంది. ఆ జిల్లాలో ఇప్పుడు పెళ్లికొడుకులు గంట ముందే చర్చికి చేరుకుంటున్నారు.